కలెక్టరు కొమ్ము

ఖైతాన్, కువైట్,
14-2-1982.

చి.ల.సౌ. పాపాయమ్మకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ అమ్మా క్షేమమని తలుస్తాను. మన పొట్టేలు కలెక్టరు క్షేమమా అని మాత్రం ఈసారి అడగను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. వంట నేనే చేసుకుంటున్నాను, తిన్నవాళ్ళెవరూ ఇంకా పోలేదు. పని హవల్లీలో ఆ పటాలు కట్టే కొట్లోనే.

ఈమధ్య ఒక ఫ్రెంచి దొరసాని పటాలు కట్టమని పాత బొమ్మలు తెచ్చింది. మూడొందల ఏళ్ళ నాటివట. దేవుళ్ళు లేరు, రాజులు లేరు, అన్నీ పశువులే. నిద్రపోతున్న కుక్క, వీపు గోక్కుంటున్న మేక, నిలబడి ఉచ్చ పోస్తున్న ఆవు. ఆవును చూసి నేను నవ్వితే దొరసానీ నవ్వింది. వాటిలో ఒక పొట్టేలు పడుకుని ఉంది. ఉన్ని పోగు పోగునా గీశాడు మహానుభావుడు. చూపు అచ్చం మన కలెక్టరుదే, ఎవణ్ణి కుమ్మమంటావు అన్నట్టు.

ఎలా గీశారో ఆవిడ చెబితే, నాతో పనిచేసే కడప అన్వర్ బాషా నాకు తెలుగు చేశాడు. రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారట. గీసినచోట రాగిని యాసిడ్ తినేస్తుంది. ఆ గాట్లలో సిరా కూరి, కాగితం వేసి నొక్కితే బొమ్మ దిగుతుంది. కాకపోతే తిరగబడి దిగుతుంది. రేకు మీది కుడి కొమ్ము కాగితం మీద ఎడమ కొమ్మవుతుంది.

సరిగ్గా ఆ వారమే నీ ఫొటో వచ్చింది. పొట్టేలు మెడ మీద చెయ్యి వేసి నవ్వుతున్నావు. "కలెక్టర్ని గుర్తుపట్టారా?" అని రాశావు.

ఇప్పటిదాకా దాచింది చెబుతున్నాను. చూడగానే కొమ్ము తేడా పట్టేశాను. ప్రెసిడెంటుగారి జీపును కుమ్మి కలెక్టరు విరగ్గొట్టుకున్నది ఎడమ కొమ్ము. ఫొటోలో విరిగింది కుడిది. అయినా నిన్ను అనుమానించలేదే. ఫొటో కూడా ఆ రాగి బొమ్మలాగే తిరగబడి దిగిందని కొట్లో అందరికీ పాఠం చెప్పాను. నీ తరఫున వకీలునయ్యాను.

అన్వర్ ఫొటో అందుకుని చూశాడు. "అట్లయితే వదిన పైట గూడా కుడి బుజానికి పోవల్ల గదన్నా? ఎడమ పక్కనే ఉండాదే!"

ఊరంతటినీ నవ్వించే నన్ను చూసి కొట్టంతా నవ్వింది.

నీ తమ్ముడు చినబాబు నిశ్చితార్థం భోజనాల్లో మాంసం ముదురుగా ఉందని మీ మేనమామ అలిగాడని కిందటి ఉత్తరంలో నువ్వే రాశావు. మన కలెక్టరు మాంసం ముదరక ఏం చేస్తుంది? పాలు పట్టి పెంచినవాణ్ణి, దాని వయసు నాకు తెలియదా? పోయిందని రాస్తే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. కోశామని రాస్తే తిట్టి ఊరుకునేవాణ్ణి. ఎవరిదో పొట్టేలు కొమ్ము రంపంతో కోయించి పక్కన నిలబడ్డావు. ఆ కోయించిందైనా సరైన పక్క కోయించావా? నాటకాల్లో ఊళ్ళో అందరికీ వేషాలు వేసినవాడికి వేషం కట్టిన పొట్టేల్ని పంపావు. నేను బొంబాయి రైలెక్కేరోజు దాని పలుపు నీ చేతికే ఇచ్చాను కదే.

ఆ ఫొటోకి మంచి పటం కట్టాను. తిప్పి చూశాను, అద్దంలో పెట్టి చూశాను. కొమ్ము అటు మారుతోంది, పైట ఇటు మారుతోంది. నవ్వు మాత్రం ఎలా చూసినా నీదే.

ఇట్లు,
ఇంకా నీ పెనిమిటినే,
బుల్లిరాజు.