కుళాయి రంగు, చుక్క రంగు

అనకాపల్లి,
శనివారం.

సైన్సు మాస్టారికి,

ఎనిమిదో తరగతి సుజికి నేను మేనమామను. కొలిమిలో చెరకు కత్తులు సాగగొడతాను. పదో తరగతి తప్పాను. మిగతా చదువు లైబ్రరీలో నాకు నేనే చదువుకున్నాను.

ఆకాశంలో ఎర్ర చుక్క కన్నా నీలం చుక్కే వేడిదని సుజి చెప్తే, మీరు "ఏటే, గీజరు కుళాయి ఎప్పుడైనా సూసేవా? ఎర్రది ఏడి, నీలంది సల్లన" అన్నారట. క్లాసంతా నవ్విందట. విశాఖపట్నం సైన్సు ప్రదర్శనకు వెళ్లే జాబితాలో దాని పేరు కొట్టేశారు. మాట మార్చుకుంటేనే తీసుకెళ్తానన్నారు.

కుళాయికి రంగు మనిషి వేశాడు. చుక్కకు రంగు దాని వేడి వల్ల వస్తుంది. మా కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది. ఇంకా ఊదితే పసుపు, ఆపైన తెలుపు. ఎరుపంటే వేడి ఇంకా చాలలేదనే లెక్క. పనిలో చేరిన వారానికే ఎవడికైనా ఇది తెలుస్తుంది. నీలం దాకా ఇనుము ఆగదు, కరిగి కారిపోతుంది. చుక్కలు నీలం దాకా ఆగుతాయి, అంత వేడివి.

క్లాసులో మీరు తప్పు ఒప్పుకోవాలని అడగడం లేదు. నిన్న సుజి తన చార్టులో నీలం చుక్క కింద "చల్లనిది" అని రాస్తోంది. ఇదేటే అంటే, "పోనీ మామయ్యా, ఇలా రాత్తే తీసుకెల్తారు" అంది. నాకు మండింది అక్కడ.

ఇప్పటికి పెన్సిలుతోనే రాసింది. సోమవారం స్కెచ్ పెన్నుతో దిద్దుతుంది. ఆలోగా ప్రదర్శన జాబితాలో దాని పేరు పిలవండి.

సుజి మేనమామ