గుంతల చెక్క

ఓర్వకల్లు,
1938 జూలై

కృపమణి నాయనకు,

జీవమ్మ వందనాలు. గుంతకల్లు రైలు షెడ్డులో పని ఎట్లుందో రాయండి. మీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి ఈ రోజు రాస్తున్నాను. మన బిడ్డ కృపమణి దేనికైనా ఎడమ చేయే ముందు చాపుతుందని, మీ అమ్మ ఆ చేతిని పాత చీరగుడ్డతో నడుముకు కట్టేస్తోంది. పొద్దున కడితే పడుకునేటప్పుడే విప్పేది. నేనేమన్నా అంటే, "ఆడబిడ్డ ఎడంచేత్తో వడ్డిస్తే అత్తగారింట్లో ఊరుకుంటారా? నీకేం తెలుసు, పోవే!" అని నా మీదికే లేస్తుంది. పెద్దామెతో ఎంతకని వాదులాడేది!

కుడిచేత్తో చెంబు పట్టినా జారిపోతోంది. బిడ్డ ఇప్పుడు దేనికీ చేయి చాపడం లేదు, నోరు విప్పడం కూడా తగ్గించింది. నాలుగేళ్ల పిల్లను పట్టుకొని చుట్టుపక్కలవాళ్లు మొద్దుపిల్ల అంటున్నారు. చర్చి పక్క కొట్టంలో మిషనువాళ్లు పసిపిల్లలకు బడి పెట్టారు. పలకా బలపమూ లేవట, అన్నీ కట్టెబొమ్మలేనట. రేపు అత్తకు చెప్పకుండా తీసుకుపోతాను. ఆ టీచరు కూడా మొద్దే అంటే ఇక నాకు దిక్కులేదు.

మీ జీవమ్మ

ఓర్వకల్లు,
మరుసటి రోజు

కృపమణి నాయనకు,

ఏమని రాసేది! విశ్వాసమ్మ టీచరు బిడ్డ కట్టు విప్పి, ఒక చెక్క ముందు పెట్టి పక్కకు జరిగింది. చెక్క నిండా గుంతలు, పక్కన లావువీ సన్నవీ గుండ్రటి కట్టెముక్కలు. ఏ ముక్కకు సరిపోయే గుంత దానికే ఉంది. బిడ్డ చాలాసేపు ఊరికే చూసింది. తర్వాత ఎడమ చేత్తో ఒకటి తీసి పెట్టింది. పట్టలేదు. నేను చెప్పబోతే టీచరు వద్దని సైగ చేసింది. బిడ్డ దాన్ని తీసింది, తిప్పి చూసింది, ఇంకో గుంతలో పెట్టింది. టక్కున దిగింది! తప్పని ఎవరూ చెప్పలేదండీ, ఆ గుంతే చెప్పింది. అన్నీ నింపి, మళ్లీ అన్నీ కుమ్మరించి మొదలుపెట్టింది. నా వైపు తిరిగి, "అమ్మా, ఇది దీనిల్లు" అంది. ఎన్నాళ్లకు విన్నాను ఆ గొంతు! దేవుడు నా కళ్ల ముందర పనిచేస్తున్నట్టు ఉండి, అక్కడే మోకరించి ప్రార్థన చేసుకున్నాను.

అంతలో మీ అమ్మ ఊడిపడింది. ఎవరు చెప్పారో ఏమో! "యాడుండాది నా మనవరాలు? ఏం టీచరమ్మా, బిడ్డను ఏం జేస్తాండావు?" అని కేకలేస్తూ వచ్చి, బిడ్డను చూసి నిలబడిపోయింది. కృపమణి ఒక ముక్క తీసి, "అవ్వా, నువ్వు పెట్టు" అని చాపింది. "నేనేమన్న పసిపిల్లనా" అంటూనే మీ అమ్మ కూర్చుంది. అందుకోవడానికి ముందుకొచ్చింది ఆమె ఎడమ చేయి. నేను చూశానని తెలిసి గబుక్కున కొంగులో దాచుకుంది.

కాసేపటికి ఆ చేతిని తనే బయటికి తీసి నాకు చూపించింది. మణికట్టు దగ్గర ఆ మచ్చ మీకు తెలుసు కదా, పొయ్యి దగ్గర కాలిందని మనందరికీ చెప్పింది. "పొయ్యి గాదే జీవమ్మా. ఎడంచేత్తో బువ్వ తిన్నెనని మాయమ్మ అట్లకాడ కాల్చి పెట్టింది. దీనికి ఎవురూ వాత పెట్టగూడదనే నేను గుడ్డ కట్టినా" అంది. ఆమెను ఎన్ని తిట్టుకున్నానో మనసులో!

బిడ్డకు ఇవేవీ పట్టలేదు. అవ్వ చేయి పట్టి గుంత దగ్గరికి లాగింది. మీ అమ్మ ముక్క పెట్టింది. అది దిగగానే పసిపిల్లలా నవ్వి, "శానా ఏండ్లాయ గదే! ఈ చెయ్యి ఇంకా ఏం మరిసిపోలేదు" అని ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంది.

మీ జీవమ్మ