నవంబరు నాటి పచ్చిక

జమ్మలమడుగు,
ఫిబ్రవరి 22, ఆదివారం.

నా ప్రియమైన భార్య గ్రేసుకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేనూ మీ అమ్మా, పులివెందులలో మన కూతురు చందనా క్షేమం. నువ్వు కూడా ఆ కువైట్‌లో క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాం. ఉత్తరం మొదట్లో ఈ మాట లేకపోతే మీ అమ్మ ఒప్పుకోదు కాబట్టి రాశాను. ఎంతవరకు నిజమో కిందికి వచ్చేకొద్దీ నీకే తెలుస్తుంది. కంగారుపడకు, అందరం లేచి తిరుగుతున్నాం, మూడు పూటలా తింటున్నాం.

నీ ఉత్తరం దిల్షాద్‌బీ ప్రొద్దుటూరు చేరిన మర్నాడే బస్సెక్కి వచ్చి ఇచ్చింది. నీ వీధిలోనే పనిచేస్తుంది కాబట్టి నీ గురించి నాలుగు మాటలు అడిగాను. నువ్వు చిక్కిపోయావని చెప్పింది. మీ అమ్మ వెంటనే చింతకాయ తొక్కు, ఎర్రకారం కట్టడం మొదలుపెట్టింది. దిల్షాద్‌బీ గురువారం తిరిగి బయలుదేరుతుంది, ఈ ఉత్తరం ఆ తొక్కు సీసా పక్కనే వస్తుంది. నూనె మరకలు ఉంటే అది నా తప్పు కాదు.

ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్ పట్టుకుంటే నా నోటికి వచ్చేది ఒకటే మాట, బాగుండాం అని. కాగితం మీదైతే తప్పు రాసినా కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది నాలుగో కాగితం.

నువ్వు ఐదు సంగతులు అడిగావు. మొదటి రెండూ సులువు. మన టీచరమ్మ చందనకు స్కూలు పిల్లలు అలవాటయ్యారు, హాస్టల్ సాంబారే ఇంకా అలవాటు కాలేదు. అమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుంటోందా అన్నావు. పెట్టుకుంటోంది, బైబిలు చదవడానికీ, నేను చేసే ప్రతి పనిలో తప్పు పట్టడానికీ. మూడోది, మూడు ఆదివారాలుగా మన పచ్చిక ఫోటో ఎందుకు రాలేదని. నాలుగోది, డిసెంబరు ఉత్తరంలో నా రాత కోడి గీరినట్టు ఎందుకుందని. ఐదోది అన్నిటికంటే పెద్దది. మీ మేడమ్ ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటోంది, రంజాన్ పండగలోపు చెప్పాలి, పెట్టనా వద్దా అని. మూడోది మొదలుపెడితే మిగతా రెండూ వాటంతట అవే బయటికి వస్తాయి. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను.

నాలుగేళ్ళ కిందట సెలవుకు వచ్చినప్పుడు నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. అక్కడ మీ మేడమ్ ఇంటి పెద్దమ్మగారిని చక్రాల కుర్చీలో లాన్ చుట్టూ తిప్పుతావు, లాన్ మీద కాలు మాత్రం పెట్టవు. "నా ఇంటి ముందర ఇంత గడ్డి ఉండాల. చెప్పులు ఇడిసి కూసోవాల. ఎవురూ లెయ్యమనగూడదు" అన్నావు. ఇద్దరం కలిసి ఇంటి ముందు ఆ కాస్త చోటును చదును చేసి, కార్పెట్ గడ్డి తెచ్చి పరిచాం. పక్కింటి ఈశ్వరయ్య గోడ మీదుగా తొంగిచూసి, "ఎనుము ల్యా, ఆవు ల్యా, నీకు గడ్డి యాలప్పా?" అన్నాడు. నువ్వు నవ్వినంతగా ఆ రోజు ఇంకెవరూ నవ్వలేదు.

పోయేటప్పుడు నాకు ఒకటే చెప్పి పోయావు, ఎండబెట్టొద్దని. ఆ మాట పట్టుకున్నాను. పొద్దున డ్యూటీకి పోయే ముందు నీళ్ళు, సాయంత్రం బస్సు డిపోలో పెట్టి వచ్చాక నీళ్ళు. నెలకు ఒక గుప్పెడు యూరియా. మన సీమలో పుట్టినవాడికి, నీళ్ళు ఎక్కువై ఒక మొక్క చస్తుందని ఎవరు చెబుతారు గ్రేసూ? మా నాయన చేను ఎండిపోవడం చూశాను, బావి ఎండిపోవడం చూశాను, బోరు పొగలు కక్కడం చూశాను. నీళ్ళు ఉండీ పోయకపోతే పాపమని పెరిగినవాణ్ణి. వాననాడు కూడా పోశాను, నీకు మాట ఇచ్చాను కదా అని.

పోయిన వేసవిలో ఈశ్వరయ్య పైన ఇంకో అంతస్తు లేపాడు. మనకు మధ్యాహ్నపు ఎండ పోయింది. అక్టోబరు వానలు అయ్యేసరికి మన పచ్చిక ముదురు ఆకుపచ్చగా తయారైంది. పాదం పెడితే పరుపు మీద పెట్టినట్టే. నా చేతి చలవే అనుకున్నాను. నవంబరులో ఫోటోలు తీసి పంపితే నువ్వు మీ పెద్దమ్మగారికి చూపించావు, ఆమె మాషా అల్లా అన్నదని రాశావు. ఆ మాటను నేను జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా బస్సెక్కిన ప్రతి మనిషికీ చెప్పాను.

డిసెంబరు నుంచి నేను డ్యూటీకి పోవడం లేదు. ఎందుకో తర్వాత చెబుతాను. నేను గండికోట ట్రిప్పు వేసే రోజుల్లో అబ్దుల్ వాహిద్ అని ఒకాయన నా వెనక సీట్లో కూర్చునేవాడు, అక్కడ ఒక హోటల్లో తోటపని చేస్తాడు. ఆ డ్రైవరు కనిపించడం లేదేమని కండక్టరును అడిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గేటు తీసి రెండడుగులు వేశాడో లేదో ఆగిపోయాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు. వంగి పచ్చిక అంచు పట్టుకుని ఎత్తాడు. చాప లేచినట్టు లేచి వచ్చింది.

"మామా, ఇది గడ్డి గాదు. నాచు."

"శానా పచ్చగుండాది గదప్పా!" అన్నాను.

"పచ్చగుంటే గడ్డేనా? ఎప్పుడన్నా ఏలు పెట్టి సూసినావా?"

అప్పుడు పెట్టి చూశాను. పైన నాచు. దాని కింద బొటనవేలు మందాన ఎండిన కాడలు, చచ్చిన వేర్లు కొబ్బరి పీచులాగా అల్లుకుని ఉన్నాయి. నేను పోసిన నీళ్ళన్నీ ఆ పొర తాగి కూర్చుంది. దాని కింద మట్టి బిగిసిపోయి ఉంది. గడ్డి ఎక్కడో ఒకటి రెండు పోచలు, పసుపుపచ్చగా.

"రోజూ రెండు పూటలా పోస్తి గదా!" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

"అదే సంపింది మామా. దానికి ఊపిరి ఆడనియ్యలే నువ్వు."

ఆయన్ను నేను పిలవలేదు, అడగలేదు. జనవరిలో మూడు శుక్రవారాలు, తన సెలవు రోజున, మసీదు నుంచి నేరుగా మన ఇంటికి వచ్చాడు. ఇనుప పళ్ళున్న పార ఒకటి తెచ్చాడు. మొదటి వారం నాచంతా గీరేశాడు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. రెండో వారం ఆ పీచు పొరను లాగి కుప్ప పోశాడు. ఆ కుప్ప నా నడుము ఎత్తు ఉంది. ఈశ్వరయ్య చూసి, "ఇప్పుడన్నా ఒక ఎనుమును తెచ్చుకోప్పా" అన్నాడు. వాహిద్ తల ఎత్తకుండానే, "దీన్ని ఎనుము గూడా తినదులే" అన్నాడు. మూడో వారం గడ్డపారతో జానకొక బొక్క పొడిచి, ఇసుకా జల్లించిన పశువుల ఎరువూ కలిపి చల్లాడు. ఈశ్వరయ్య గోడ పక్కన ఎండ తగలని చోట ఇక గడ్డి వద్దన్నాడు. అక్కడ నాలుగు కడప బండలు పరిచాం.

మళ్ళీ నాటడానికి గడ్డి ఎక్కడ తేవాలని నేను అంటుంటే మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ కుప్ప ముందు కూర్చుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, ఆ చచ్చిన పీచులోంచి బతికున్న కాడలు ఒక్కొక్కటే ఏరింది. రెండు పగళ్ళు ఏరింది. తడి గోనెసంచిలో చుట్టి పెట్టింది. ఇప్పుడు నాటినవి ఎక్కువ అవే. నువ్వు పరిచిన గడ్డే, వేరేది కాదు.

వాహిద్‌కు ఏమివ్వాలో తెలియక మీ అమ్మ చేత ఓళిగలు చేయించి పెట్టాను. తిని చెయ్యి కడుక్కుని, "గడ్డి బతికితే సాల్లే మామా" అని పోయాడు. రక్తసంబంధం లేదు, ఒక చర్చి కాదు, బస్సు సీటు తప్ప మా మధ్య ఏముంది? దేవుడు ఇలాంటి మనుషులను మన దారిలో ఎందుకు పెడతాడో నాకు తెలియదు. పెట్టినందుకు మాత్రం రోజూ స్తోత్రం చెబుతున్నాను.

ఇప్పుడు నా తప్పు విను. జనవరి అంతా మన ఇంటి ముందు బోడి మట్టి ఉంటే, నీకు మాత్రం ప్రతి ఆదివారం పచ్చటి ఫోటో వచ్చింది. అవన్నీ నవంబరు ఫోటోలు, గ్రేసూ. ఫోన్లో మిగిలినవి ఒక్కొక్కటే పంపాను. అవి అయిపోయాయి, అందుకే మూడు వారాలుగా రాలేదు.

ఇక కోడి గీరిన రాత. అది ఎడమ చేత్తో రాశాను. డిసెంబరు మొదటి వారంలో, పొద్దున్నే సంచి తగిలించుకుని ఆ పచ్చిక మీదుగా అడ్డంగా పోబోయి, నాచు మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. నువ్వు వీడియో కాల్ చేసినప్పుడల్లా ముఖం ఒక్కటే చూపించాను. చందన చెబుదామన్నది, నేను ఒట్టు వేయించుకున్నాను. దాని మీద కోప్పడకు, కోప్పడాల్సింది నా మీద. ఇప్పుడు కట్టు తీసేశారు. పెన్ను పట్టుకుంటున్నాను, నువ్వే చూస్తున్నావు కదా. స్టీరింగ్ వచ్చే నెల నుంచి పట్టుకోవచ్చన్నాడు డాక్టరు.

ఆ ఆరు వారాలు నాకు అన్నం ఎవరు పెట్టారో తెలుసా? ఇరవై నాలుగేళ్ళుగా అల్లుడి ముందు ఎన్నడూ కుర్చీలో కూర్చోని మనిషి, నేను ఇంట్లోకి వస్తే కొంగు సర్దుకుని వంటింట్లోకి పోయే మనిషి. మొదటి రోజు నేను ఎడమ చేత్తో స్పూను పట్టుకుని సగం అన్నం కింద పోసుకుంటుంటే, వచ్చి ఎదురుగా కూర్చుంది. పళ్ళెం లాక్కుని కలిపి, "నోరు తెరువు నాయనా. నాకు కొడుకుంటే పెట్టనా?" అన్నది. నేను తల వంచుకుని తిన్నాను. తల ఎత్తితే కళ్ళు కనబడతాయని. మా అమ్మ పోయాక నాకు ముద్దలు కలిపి పెట్టింది మీ అమ్మే. నీతోపాటు ఆమెను కూడా నాకు ఇచ్చినందుకు నేను ఎవరికి ఎంత చెప్పుకోవాలి?

నీ ఉత్తరం వచ్చిన రోజు నేనే పైకి చదివాను. అందులో నువ్వు రాశావు, "ఆ ఫోటోలు చూస్తే నేను లేకపోయినా అక్కడ అంతా పచ్చగానే ఉందని ధైర్యంగా ఉంటుంది. నా అవసరం ఇప్పుడు అంతగా లేదు కదా, ఇంకో రెండేళ్ళు ఉంటే నష్టమేముంది" అని. మీ అమ్మ కందిపప్పు చేట పక్కన పెట్టి నన్ను చూసింది.

"నువ్వు పచ్చగుండేది సూపిస్తాంటే, ఈడ నా పనేముందిలే అనుకోదా బిడ్డ? అది రావాలని ఉండాదా, లేదా నీకు?"

నేను లేచి బయటికి వచ్చి ఆ మట్టి ముందు నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు మొదటిసారి పోయేటప్పుడు కడప బస్సు నేనే నడిపాను. నువ్వు ముందు సీట్లో కూర్చున్నావు. కమలాపురం దాటేదాకా అద్దంలో నిన్ను చూస్తూనే ఉన్నాను. దిగేటప్పుడు "పో, ఏం పర్వాల్యా" అన్నాను. అప్పటి నుంచి ప్రతి ఫోన్లో అదే చెబుతున్నాను. నిన్ను కంగారు పెట్టకూడదని చెప్పాను, నిజమే. నేను లేకపోతే వీడు నిలబడలేడని నువ్వు అనుకోకూడదని కూడా చెప్పాను. అది మగతనం అనుకున్నాను. ఉత్త పొగరు.

కాబట్టి ఐదోదానికి జవాబు ఇది. సంతకం పెట్టవద్దు. మనం అనుకున్న పనులన్నీ అయ్యాయి. ఇల్లు నిలబడింది, చందన తన కాళ్ళ మీద నిలబడింది, రెండూ నీ కష్టమే. తొమ్మిదేళ్ళు ఇంకొకరి వంటింట్లో నిలబడిన నీ కాళ్ళకు నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ఒక్కసారి కూడా చెప్పనందుకు క్షమించు. నువ్వు లేకపోతే పర్వాలేదని చెప్పిందంతా అబద్ధం. నాకు పర్వా ఉంది. నువ్వు నాకు కావాలి. ఇంత వయసొచ్చాక మొదటిసారి రాస్తున్నాను. మీ అమ్మ పక్క గదిలో ఉంది, ఏం రాశావని అడిగితే మాత్రం తొక్కు సంగతి రాశానని చెబుతాను.

మీ మేడమ్‌కు నా తరఫున కృతజ్ఞతలు చెప్పు, ఇన్నాళ్ళు నిన్ను మర్యాదగా చూసుకున్నందుకు. పెద్దమ్మగారికి కూడా చెప్పు.

ఈ కవరులో ఒక ఫోటో పెట్టాను. నిన్న పులివెందుల నుంచి వచ్చిన చందన ఈ రోజు పొద్దున చర్చికి పోయే ముందు తీసి, బజారులో కాగితం మీద వేయించుకొచ్చింది. వెనక తేదీ తనే రాసింది. చూస్తే ముందు నీకు మట్టే కనిపిస్తుంది. పెద్దమ్మగారికి చూపించకు, దీన్ని చూసి మాషా అల్లా అనదు. కొంచెం దగ్గరగా పట్టుకుని ఎడమవైపు కింద చూడు, బండల పక్కన. మీ అమ్మ ఏరిన కాడలు చిగురు వేశాయి. నేను వేలు పెట్టి చూశాను, గడ్డే. ఈస్టరు దాటితే కాలు పెట్టవచ్చని వాహిద్ అన్నాడు. అంతవరకు ఈశ్వరయ్య పిల్లినైనా తొక్కనివ్వను. మొదటి కాలు నీది, చెప్పులు లేకుండా.

ఇట్లు,
ఇప్పుడు రెండు రోజులకొకసారే నీళ్ళు పోస్తూ, నీ జవాబు కోసం మాత్రం రోజూ గేటు వైపు చూస్తున్న
నీ భర్త,
సాల్మన్ రాజు