తినడానికి ఇంకో గది

1962 ఫిబ్రవరి 11, ఆదివారం

పొద్దున ఉగ్గాణి. బొరుగులు మెత్తగా, పైన పప్పులపొడి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ... నా కోడలి చేతిలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి! నా ఇల్లాలు నారాయణమ్మ పోయిన తర్వాత పన్నెండేళ్ళు నేనూ కొడుకు రామాంజీ తిన్నది ఒక తిండా? పొద్దున కెలికిన సంగటి రాత్రికి, రాత్రి చారు పొద్దునకి. ఇద్దరు మగవాళ్ళం, మాటా పలుకూ లేకుండా మింగడం, ఎవరి కంచం వాళ్ళు కడుక్కోవడం. సరోజ ఈ ఇంట్లో కాలు పెట్టి ఎనిమిది నెలలు. ఇల్లు ఇల్లయింది.

ఇప్పుడు మూడో నెల. మొన్ననే రాశాను ఈ మాట. మళ్ళీ రాస్తాను. మూడో నెల! నేను తాతను కాబోతున్నాను!

ఫిబ్రవరి 14

రామాంజి మళ్ళీ బాడుగ ఇంటి మాట తెచ్చాడు. బ్రూసుపేటలో బసవరాజప్ప ఇంటి వెనకవైపు వాటా ఖాళీ అయిందట.

"వంటిల్లు వేరే, తినే గది వేరే నాయనా. నడాన తలుపు ఉండాది. ఎనిమిది రూపాయలు ఎక్కువ, అంతే."

"తినేకి ఒక గదా? మనమేమన్నా కలెక్టరు దొరలమా రా?"

వాడు నవ్వలేదు. గాలి బాగా ఆడతాదని ఏదో గొణిగాడు. "ఈడ ఏం తక్కువయింది?" అంటే లేచి లారీ ఆఫీసుకు పోయాడు.

పొయ్యి పక్కన పీట వేసుకుని తినే అన్నం రుచి ఇంకెక్కడ వస్తుంది? ఇంకో గదిలోకి మోసుకుపోయేలోగా సగం చల్లారుతుంది. ఇక్కడయితే రెండడుగుల్లో వడ్డన. నేను తింటూ మాట్లాడతాను. కోడలు వింటుంది. ఇది కదా సంసారమంటే!

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం తిన్నాక చేయి కడుక్కొచ్చి మళ్ళీ వంటింట్లోనే గోడకానుకుని కూర్చున్నాను. అక్కడ బండల నేల చల్లగా ఉంటుంది, ముందరి గది రేకుల కింద కుంపటి. సరోజ తలుపు చాటున నిలబడింది. కూర్చోమన్నా కూర్చోదు, మామ ముందర. ఎంత మర్యాద తెలిసిన పిల్ల! పత్తి మిల్లులో కాటా దగ్గర ముప్పై రెండేళ్ళు చేసిన కతలన్నీ చెబుతున్నాను. ఒక సావుకారి బరువు కోసం పత్తి బోరాలకు నీళ్ళు చల్లి తెస్తే, నేను కాటాకు ఎత్తకుండానే చేయి వేసి, "ఏమి సావుకారీ, మీ ఊర్లో రాత్రి వాన పడిందా?" అన్న కత చెప్పాను. "ఊ... ఊ మామా... ఆయప్ప ఏమనె?" అంటుంది. ఎంత బాగా ఊకొడుతుంది! కత నచ్చితే ఊరికే ఉండలేదు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉంటుంది, గాజులు మోగుతాయి. మూడయింది తెలియనే లేదు.

నా మాట వినే మనిషిని ఇన్నేళ్ళకు ఇచ్చాడు దేవుడు.

మార్చి 2

సరోజ ముఖం పాలిపోయింది. వేవిళ్ళంటారు. నీళ్ళమోత మానిపించాను, బిందెలు నేనే తెస్తున్నాను. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. నవ్వనీ!

మార్చి 17

ఇంటి మాట మూడోసారి. ఈసారి వాడు బసవరాజప్పనే ఇంటికి తీసుకొచ్చాడు.

"ఒక్క తూరి వచ్చి చూడండి యజమానరే," అంటాడాయన. "మా ఊటద మనెలో, అదే తినే గదిలో, పది మంది పంక్తి వేసి తినొచ్చు."

పది మంది ఎవరు స్వామీ? మేం ముగ్గురం. వచ్చేవాడితో నలుగురం. నాలుగు పీటలు ఈ వంటింట్లో పట్టవా? ఆ ఎనిమిది రూపాయలు పెడితే పిల్లవాడికి పాలు వస్తాయి. వద్దన్నాను, గట్టిగానే. తలుపు చాటున సరోజ గాజులు చప్పుడయ్యాయి. పొదుపరి పిల్ల, మనసులో నన్ను మెచ్చుకునే ఉంటుంది.

ఏప్రిల్ 3

సరోజ పడిపోయింది. వంటింట్లో. నేను చెబుతున్న కత మధ్యలో.

ఏప్రిల్ 5

నిలవలేదు.

అయిదో నెల. మగబిడ్డ అట. నేను అడగలేదు, ఆసుపత్రి ఆయానే చెప్పింది.

ఏప్రిల్ 6

డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ పిలిచి, "ఒంట్లో రక్తమే లేదు. ఈ పిల్ల ఏం తింటోంది?" అని అడిగింది. నేనే ముందు చెప్పాను... పాలు, నెయ్యి, ఆకుకూరలు, అన్నీ నా చేత్తో తెచ్చి పోస్తాను తల్లీ, మా ఇంట తిండికి లోటు లేదు అని. అబద్ధం కాదు. రామాంజి నా వైపు చూసి, వెంటనే గోడ వైపు తిరిగాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ 11

వాళ్ళమ్మ వచ్చి సరోజను ఎమ్మిగనూరు తీసుకుపోయింది. కంప్లి బస్సు. ఎక్కేముందు సరోజ నా కాళ్ళకు మొక్కబోయింది, వంగలేకపోయింది.

"అన్నంలోకి గురెళ్ళ పొడి దంచి పెట్టినా మామా. పై అరలో ఉండాది."

అంతే అంది. బస్సు కదిలింది.

ఏప్రిల్ 15, ఆదివారం

పక్కింటి గంగమ్మ మాకు జొన్నరొట్టెలు తెచ్చిచ్చింది. మంచి మనిషి కదా అని నా బాధ చెప్పుకున్నాను. ఏం తక్కువ చేశాను గంగమ్మా, అన్నీ తెచ్చిపెడితిని కదా, ఎందుకిట్లా అయింది అని.

ఆమె గడప మీదే నిలబడిపోయింది.

"తెచ్చినావు పెద్దప్పా. తిననిచ్చినావా?"

"ఏందమ్మా ఆ మాట?"

"మామ ఎదురుగా కోడలు యాడన్నా తింటాదా? నువ్వు లేస్తే కదా ఆ పిల్ల కంచం పెట్టుకునేది! నీకు పన్నెండుకి అన్నం. ఆ పిల్లకి మూడుకో నాలుక్కో. కడుపుతో ఉండే పిల్ల పెద్దప్పా! నేను గోడ మీంచి రమ్మని సైగ చేస్తే, వద్దులే అత్తా అని చేయి ఊపేది. నీ కతలు తింటే కడుపు నిండుతాదా?"

రొట్టెలు గూట్లో పెట్టి కళ్ళు తుడుచుకుంటూ పోయింది. అవి అక్కడే ఉన్నాయి. ఇద్దరం ముట్టుకోలేదు.

ఏప్రిల్ 16

ఫిబ్రవరి పేజీ తిప్పి చూశాను.

"మూడయింది తెలియనే లేదు." నా చేత్తోనే రాసుకున్నాను. సంతోషంగా. గాజులు మోగాయని కూడా రాశాను. నిలబడలేక మోగాయి ఆ గాజులు. ఆకలితో ఊకొట్టింది. నేనేమో, ఇంకో కత చెప్పమంటోంది అనుకున్నాను.

ముప్పై రెండేళ్ళు కాటా ముల్లు చూసినవాణ్ణి. బోరా మీద చేయి వేస్తే తడి చెప్పేవాణ్ణి. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ పిల్ల...

చాలు. రాయలేను.

ఏప్రిల్ 18

రామాంజిని అడిగాను. నీకు తెలుసా అని.

"తెలుసు నాయనా."

"మరి చెప్పవేం?"

"ఇల్లు మారదామని మూడు తూర్లు చెప్తి కదా."

"ఇల్లు అంటివి గానీ, అన్నం అనలేదు కదరా!"

"ఎట్ల చెప్పేది నాయనా? తిన్నాక లేచిపో అని నిన్ను..." తల వంచుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "సరోజనే వద్దనె. మామకి ఇన్నేండ్లు మాట్లాడేకి దిక్కు లేదు పాపం, ఆయప్ప నోరు కట్టేయాకు అనె."

పాపం అందట. నన్ను.

ఏప్రిల్ 19

"నీ వల్లనే అని ఎవరూ అనలేదు. డాక్టరమ్మ నూరు కారణాలు ఉంటాయనె" అంటాడు రామాంజి. నూరు ఉండనీ. నాకు ఒకటి తెలిసింది.

ఏప్రిల్ 22

ఎండలో బ్రూసుపేట పోయాను. వాటా ఇంకా ఖాళీగానే ఉంది. బసవరాజప్ప నవ్వాడు. "ఆ పొద్దు బేడ అంటిరి, ఈ పొద్దు బేకా?" అవును స్వామీ, ఆ పొద్దు వద్దు, ఈ పొద్దు కావాలి.

తినే గది చిన్నదేమీ కాదు. తూర్పున కిటికీ. వంటింటికీ దానికీ మధ్య టేకు తలుపు, గట్టిది. గడియ వంటింటి వైపు. ఆ గడియను రెండుసార్లు వేసి తీసి చూశాను. ఆ పిల్ల వడ్డించేసి తలుపు మూసుకుంటే చాలు. అవతల కూర్చుని ఎప్పుడయినా తినొచ్చు, ఎంతయినా తినొచ్చు. నేను ఇవతల ఏం వాగినా వినబడదు.

ఎనిమిది రూపాయలు. మార్చిలో ఎందుకు ఎక్కువనిపించాయో.

మే ఏడో తారీఖు దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. సరోజ వాళ్ళ మాట కనుక్కుని వస్తానన్నాను. రానే రాకపోతే గది ఎవరికి?

ఏప్రిల్ 29, ఆదివారం

ఎమ్మిగనూరు పోయాను. చెప్పాపెట్టకుండా. తప్పు నాదే. వాకిట్లో ఎవరూ లేరు, పక్క సందులోంచి పెరటి వైపు పోయాను.

నవ్వులు. పందిరి కింద సరోజ, వాళ్ళమ్మ, తమ్ముడు, పక్కింటి అమ్మలక్కలు ఇద్దరు. సరోజ ఒళ్ళో కంచం. ముద్ద మీద ముద్ద తింటూ, నోటి నిండా అన్నంతోనే చెబుతోంది. "...అప్పుడు మా మామ బోరా మీద చేయి ఏసి, ఏమి సావుకారీ, మీ ఊర్లో రాత్రి వాన పడిందా అనె!" అందరూ ఒకటే నవ్వు.

నా కత. నా కోడలి నోట. నేను చెప్పినదాని కంటే బాగుంది.

అప్పుడు నన్ను చూసింది.

దిగ్గున లేచింది. కంచం కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని వాళ్ళమ్మ వెనక్కు పోయింది. ముద్ద చేతిలోనే ఉంది. కతా ఆగిపోయింది, తిండీ ఆగిపోయింది.

"తిను తల్లీ, నేను పోతాండా, ముందరికి పోతాండా" అంటూ సందులో గోడ తగులుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాను. మళ్ళీ తిన్నదో లేదో తెలియదు. నవ్వు మాత్రం మళ్ళీ వినబడలేదు.

వియ్యంకుడితో ఇంటి సంగతి చెప్పాను. తినే గది వేరే, తలుపు ఉంది, గడియ వంటింటి వైపు. అందరికీ వినబడేట్టే చెప్పాను. "ఆషాఢం పోనీ బావా, అప్పుడు చూస్తాము" అన్నాడాయన. సరోజ తమ్ముడు మజ్జిగ తెచ్చి, "ఏం మామా, మా అక్క దినామూ నీ కతలు చెప్పి మమ్మల్ని నవ్విస్తాంది, నువ్వేమో మూగోని లెక్క కూర్చున్నావు?" అన్నాడు.

నవ్వబోయాను. బస్సు వేళయిందని లేచి వచ్చేశాను.

మే 3

ఒక్కణ్ణే తిన్నాను. తినగానే లేచి ముందరి గదిలోకి వచ్చాను. వంటింట్లో ఎవరూ లేరు. అయినా లేచాను.

గురెళ్ళ పొడి అయిపోవచ్చింది. అడుగున కొంచెం ఉంచాను.

మే 6, ఆదివారం

రేపటితో బసవరాజప్ప గడువు. సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి కార్డు. సరోజ తమ్ముడి రాత. అందరూ క్షేమం, అక్క ఒళ్ళు కొంచెం తేరుకుంది, అని రాసి చివర ఒక వరస:

"కొత్తింట్లో మామ యాడ కూర్చుంటాడు అని అక్క అడగమంది."

రామాంజి పైకి చదివాడు. నేను చేతిలోకి తీసుకుని అద్దాలు పెట్టుకుని మళ్ళీ చదివాను. ఆ ఒక్క వరసే, ఎన్నిసార్లో.

తలుపు అవతలే ఉంటాడు కదా, మళ్ళీ వంటింట్లోకి రాడు కదా అని అడిగిందా? లేక... తలుపు మూసేస్తే మామ ఎవరితో మాట్లాడతాడు అని అడిగిందా? ఏ ముఖంతో అడిగిందో చూసి ఉంటే చెప్పేవాణ్ణి. లేదు, చెప్పేవాణ్ణి కాను. పది నెలలు ఎదురుగానే చూశాను కదా ఆ ముఖాన్ని.

రామాంజి కొత్త కార్డు ముందర పెట్టుకున్నాడు. "ఏమని రాసేది నాయనా?"

"రేపు చెప్తాలే."

"రేపే కదా నాయనా గడువు."

కలానికి మూత పెట్టకుండా అట్లాగే కూర్చున్నాడు.