ఆ ఇంటి కరెంటు

కోసాడ్, సూరత్
16 నవంబరు 2025, ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి జమునకు,

నీకూ, నీ భర్త ఓంప్రకాష్‌కూ మీ బాపమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ అత్త లింగవ్వ మోకాలి నొప్పి తప్ప మిగతాది నిజమే.

నీ గృహప్రవేశం కార్డు అందింది. తేదీ వేశావు గానీ వారం వెయ్యలేదు. ముప్పై ఏళ్ళు మునిసిపల్ బడిలో లెక్కలు చెప్పినదాని మనవరాలివి నువ్వు. క్యాలెండరు తీసి వచ్చే ఆదివారమని నేనే చూసుకున్నాను. ఇంకెవరికైనా ఇచ్చే కార్డుల మీదయినా పెన్నుతో రాసి ఇవ్వు.

ఇక అసలు సంగతి. మీ బాపు వస్తున్నాడు.

మాకు ఒక్క మాట చెప్పకుండా రిజిస్టరు పెళ్ళి చేసుకుని ఆ కొండల్లోకి వెళ్ళిపోయావు. రెండేళ్ళుగా మీ బాపు నీ పేరు పలకలేదు. తప్పు నీదేనని ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటాను. కానీ ఆడపిల్ల కొత్త ఇంట్లో అడుగుపెడితే ఒడిబియ్యం పుట్టింటివాళ్ళు తేక ఇంకెవరు తెస్తారు? మొన్న అన్నం తింటున్నప్పుడు ఈ ప్రశ్న మీ బాపును ఒక్కసారే అడిగాను. రెండోసారి అడిగే అలవాటు నాకు లేదని వాడికి తెలుసు. తినడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పాడు.

"వస్త. ఒడిబియ్యం పోసుడు కాంగనే వాపస్ వస్తం. ఆ ఇంట్ల మంచినీళ్ళు ముట్ట. ఆ ఇంటి కరెంటు నా బండికి పెట్ట."

నీళ్ళు ముట్టనన్న పంతాలు నా బతుకులో చాలా చూశాను. కరెంటు ముట్టనన్న పంతం చూడటం ఇదే మొదలు.

ఆ బండి సంగతి నీకు తెలియదు. పోయిన ఏడాది సెకండ్‌హ్యాండులో బ్యాటరీ కారు కొన్నాడు. పల్సానా మిల్లుకు దాంట్లోనే పోయి వస్తాడు. ఇంతవరకు కొండ మొహం చూసింది కాదు. మీ దారిలో ఘాట్ మొదలుకాకముందు వ్యారాలో చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కొండమీద సాపుతారా హోటళ్ళలో చార్జర్లు ఉన్నాయట గానీ, అక్కడ దిగినవాళ్ళకేనట. అంటే వ్యారాలో నింపుకున్న చార్జింగుతోనే ఘాట్ ఎక్కి, సాపుతారా దాటి మీ ఇంటికి చేరి, మళ్ళీ వ్యారాకు దిగి రావాలి. పోనురాను రెండు వందల ఇరవై కిలోమీటర్లు. చదును రోడ్డు మీద మన బండి రెండు వందల యాభై నడుస్తుంది. ఇది కంపెనీ కాగితం మీది అంకె కాదు, నెల రోజులు పల్సానా రాకపోకలు చూసి నేను తేల్చింది.

మీ మొండయ్య మామ ఊరుకుంటాడా? మీ అత్తను దింపడానికి వచ్చి, తాడు పెట్టుకున్నవా బామ్మర్దీ, ఘాట్‌ల ఎడ్లు కిరాయికి దొరుకుతయో లేదో కనుక్కో, అని మొదలుపెట్టాడు. ఎక్కేటప్పుడు తిన్నదంతా దిగేటప్పుడు బండి వాపస్ ఇస్తది బావా, హిసాబ్ బరాబర్, అని మీ బాపు. అట్లయితే కొండకొండకూ తిప్పుకుంటూ జనమంతా చార్జింగ్ లేకుండనే బతుకుదురు కదా, అని మామ. చివరికి ఇద్దరూ నా వైపు చూశారు.

దిగేటప్పుడు వచ్చేది కొంతేనని చెప్పాను. బండి పల్లానికి జారుతుంటే చక్రాలే మోటారును తిప్పి బ్యాటరీకి చార్జింగ్ పంపిస్తాయి. నిజమే. కానీ ఎక్కేటప్పుడు ఖర్చయినదంతా తిరిగి రాదు. గాలి తోసే తోపుడు, టైర్ల రాపిడి వాటి వాటా అవి పట్టుకునే ఉంటాయి. మీ బాపుకు ఈ పాఠం అక్కర్లేదు. వస్తదా, రాదా, ఒక్కటే చెప్పమన్నాడు.

మీ బాపు, మీ అమ్మ, నేను ముగ్గురం కూర్చుని, ఏసీ వెయ్యకుండా, నిదానంగా నడిపితే బండి వ్యారాకు తిరిగి వస్తుంది, ఇంకా కాస్త మిగులుతుంది. ఇది నా లెక్క. నా లెక్క తప్పిందని ఈ ఇంట్లో ఎవరూ ఇంతవరకు అనలేదు.

కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి పదకొండుకల్లా మీ ఇంట్లో ఉంటాం. నువ్వు ఏడవకూడదు. మీ బాపు కాళ్ళు పట్టుకుని వదలకుండా కూర్చోకూడదు. మంచినీళ్ళు ఒక్కసారి ఇవ్వు, వద్దంటే గ్లాసు పక్కన పెట్టు, అక్కణ్ణుంచి తియ్యకు. మీ అమ్మ సంగీత నీకు చీర కొన్నది. రంగు నేను చెప్పను, తను చెప్పుకోవాలి.

ఇట్లు,
మీ బాపమ్మ
పద్మారాణి

తా.క. పైనున్నదంతా మీ బాపు చదివాడు. పోస్టు చేసేది తనే, చదవకుండా చెయ్యడు. బాగుందని కాగితం తిరిగి ఇచ్చి స్నానానికి వెళ్ళాడు. కవరు అంటించేది మాత్రం నేను.

పైన ఒక్క అబద్ధం కూడా రాయలేదు. ముగ్గురం ఏసీ లేకుండా వెళితే బండి తిరిగి వస్తుంది. కానీ మేం ముగ్గురం రావడం లేదు. లింగవ్వ, మొండయ్య కూడా వస్తున్నారు. మొండయ్య ఒక్కడే ఇద్దరి పెట్టు. డిక్కీలో ఒడిబియ్యంతో పాటు మీ అమ్మ కొన్న గ్రైండర్, నీ కోసం దాచిన ఇత్తడి గంగాళం ఉంటాయి. దారిపొడుగునా ఉక్కపోతగా ఉందని ఏసీ అడగమని లింగవ్వకు చెప్పి ఉంచాను. ఇట్లా వస్తే మీ గుమ్మం దాకా బండి నిక్షేపంగా చేరుతుంది. తిరిగి వ్యారాకు చేరదు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది విను. బయటి గోడకు పదిహేను ఆంపియర్ల సాకెట్ ఒకటి పెట్టించమని ఓంప్రకాష్‌కు చెప్పు. ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఇంటి కరెంటుతో నిండాలంటే రాత్రంతా పడుతుంది. ఐదుగురికి పక్కలు వెయ్యి. మీ బాపుకు గోడ పక్కన, తల కింద ఎత్తు తక్కువ మెత్త. రాత్రికి జొన్నరొట్టె, ఉప్పు తగ్గించిన కూర.

ఇంకొకటి. ఇక్కడ మన ఇంట్లో చార్జింగుకు గోడకు బిగించిన డబ్బా ఉంది. బయట ఎవరింట్లోనైనా పెట్టుకోవడానికి బండితో ఇచ్చిన వైరు వేరు. అది కొన్ననాటి నుంచి తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూ ఉంది. మీ బాపు దాన్ని తేడు కాబట్టి బియ్యం సంచి కింద పెట్టి నేనే తెద్దామనుకున్నాను. ఇప్పుడే వెళ్ళి చూస్తే కొక్కెం ఖాళీగా ఉంది. ఐదుగురం వస్తున్నామని తెలిసి కూడా మీ బాపు ముగ్గురమని చదివి ఊరుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. వెళ్ళి డిక్కీ తెరిచాను. వైరు అందులోనే ఉంది, శుభ్రంగా చుట్టి. పైన కప్పింది మీ బాపు రాత్రి కట్టుకునే లుంగీ.

ఉన్నది ఉన్నట్టే కప్పి డిక్కీ మూసి వచ్చాను. నువ్వు కూడా ఏమీ తెలియనట్టే ఉండు.