నాన్న తుపాకీకి కొత్త పిన్ను

మంగళవారం, ఉప్పల్

రేపటికల్లా బావకు ఏదో ఒకటి చెప్పాలి. నాన్న ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న రైఫిల్‌ను దసరా ఆయుధపూజలోపు బాగు చేయాలని బావ పంతం. నాన్న పోయాక లైసెన్స్ నా పేరు మీదికి మారిన రోజు నుంచీ ఇదే పోరు. పొద్దున ఫోన్‌లో కూడా అదే.

"పేలని తుపాకికి పూజేంది? లేత్ నడిపేటోనివి, అర్ధగంట పని నీకు!"

చిరాకేసి, మధ్యాహ్నం నాచారంలో నేను పనిచేసే లేత్ షాపులో దాన్ని విప్పాను. కర్ర పిడి గట్టిగానే ఉంది. గొట్టంలో తుప్పు తక్కువే. తూటాను పేల్చే పిన్ను మాత్రం పొట్టిగా ఉంది. అరిగిపోయిందనుకున్నాను. లైటు కింద చూస్తే కొస మీద ఆకురాయి గీతలు, అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. మా ఇంట్లో ఎడమచేత్తో ఆకురాయి పట్టింది నాన్న ఒక్కడే.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను. బియ్యం ఏరుతున్నది తల ఎత్తలేదు.

"నీ ఫ్యాక్టరీ మూతబడ్డంక, తలుపు బెట్టుకొని పండుకుంటుంటివి గద బిడ్డా. గప్పుడు అరగదీసిండు మీ నాయిన. నీకు చెప్పొద్దన్నడు."

ఇప్పుడు బావకు ఏం చెప్పను? కొత్త పిన్ను చేయడం నిజంగా అర్ధగంట పనే. కానీ ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం బీరువా తెరిచి, ఆ తుపాకీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాన్న డ్యూటీకి వెళ్లాడనే, నన్నెవరూ చూడలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను.