గాలికి కిరాయి

9 ఆగస్టు 1996, ఇస్నాపూర్

పక్కనున్న మందుల కంపెనీకి మేం థర్మోకోల్ పెట్టెలు చేసే షెడ్డును కొండాపూర్‌కు మార్చేస్తానని పొద్దున సేటు చెప్పాడు. అక్కడ జాగా కిరాయి తక్కువట, కూలీలు కూడా అక్కడే దొరుకుతారట. ఇరవై మందిమీ చేతిలో పని వదిలేశాం. థర్మోకోల్ పూసల బస్తాలు తెచ్చే కొత్త లారీ డ్రైవర్లను "పైలం, మస్తు బరువు" అని బెదిరించి, పెట్టెల కట్టను చిటికెన వేలితో ఎత్తి నవ్వించే నేను కూడా.

కట్టలు కట్టే యాదమ్మ మాత్రం ఒక కట్ట తెచ్చి సేటు ముందు పెట్టింది.

"జెర వేలుతోటి ఎత్తుండ్రి సేటూ."

ఎత్తాడు.

"లోపలంత గాలే గద! బస్తెడు పూసలకు ఆవిరి పెడితే లారెడు పెట్టెలైతయి. ఈడుంటే నెత్తి మీద మోసుకపోయి ఇస్తం. కొండాపూర్ల ఉంటే దినాం గాలికి లారీ కిరాయి కడ్తరా?"

అబ్బ, ఏం బుర్ర! పదేళ్ళుగా నేను ఆడుతున్న కోతి ఆటలో ఆమెకు మా అందరి కూడు కనిపించింది.

సేటు సోమవారం చెబుతానన్నాడు. ఆటపట్టించడానికి రోజూ దాచే ఆమె చెప్పులను అందాకా దాచను. ఒప్పుకుంటాడో లేదో... వెళ్తూ వెళ్తూ మాత్రం, ఎవరూ చూడట్లేదనుకుని ఆ కట్టను మళ్ళీ వేలితో ఎత్తి చూశాడు.